తిండి కాని వస్తువుల జాబితా

ఐర్లండ్ పడమటి ఒడ్డున పూర్వం ఐలిల్ అనే రాజు ఉండేవాడు. ఆ రోజుల్లో ఆ దేశంలో అన్నిటికీ కరువు వచ్చేది గాని, రాజులకు మాత్రం ఎన్నడూ రాలేదు. ఒక రాజుగారి కోడి కూస్తే అటూ ఇటూ ఇద్దరు రాజులు నిద్ర లేచేవారు. ఐలిల్ రాజ్యమంటే ఒక మట్టికోట, అయిదు పల్లెలు, మోకాలి లోతు బురదనేల, దాని అవతల సముద్రం. అయినా రాజు రాజే కదా. ఆయనకు చట్టం చెప్పడానికి ధర్మాధికారి ఫింగిన్ ఉన్నాడు. పుణ్యం చెప్పడానికి మఠాధిపతి దీమా ఉన్నాడు. వండి పెట్టడానికి ఫాలాన్ ఉన్నాడు. మొదటి ఇద్దరు చెప్పింది మూడో అతను తుచ తప్పకుండా చేయడం వల్ల వచ్చిన గొడవే ఈ కథ.

ఫాలాన్ పుట్టు వంటవాడేమీ కాదు, సన్యాసి. పదహారో ఏట దీమా మఠంలో చేరి మూడు ప్రమాణాలు చేశాడు. వాటిలో పేదరికం అతనికి పుట్టుకతోనే ఉంది. బ్రహ్మచర్యానికి అతని మొహమే చాలావరకు సాయపడింది. కష్టపడి సాధించినదల్లా విధేయత ఒక్కటే. ముప్పై ఏళ్ళలో పెద్దల మాటకు ఒక్కసారి ఎదురు చెప్పలేదు. ఒకప్పుడు దీమా ఏదో ధ్యాసలో ఉండి, "ఫాలాన్, నేను వచ్చేదాకా ఇక్కడే నిలబడు" అని వెళ్ళి ఆ సంగతే మరిచిపోయాడు. ఫాలాన్ రెండు రోజులు వానలో నిలబడ్డాడు. దీమా ఆ మాట కుర్ర సన్యాసులందరికీ ఆదర్శంగా చెప్పేవాడు, తను మరిచిపోయిన ముక్క మింగేసి.

ఒక ఈస్టర్ పండగకు రాజు మఠానికి వచ్చి ఫాలాన్ కాచిన ఉల్లికాడల పులుసు తాగాడు. తాగి, రెండోసారి పోయించుకుని, గిన్నె దించకుండానే, "ఈ మనిషి నాకు కావాలి" అన్నాడు. దీమాకు చాలాకాలంగా రాజుగారి ఏటి ఒడ్డు నేల మీద కన్ను ఉంది. మాటా మాటా కలిసింది. నేల మఠానికి వచ్చింది, ఫాలాన్ కోటకు వెళ్ళాడు. "రాజుగారికి వండటం దేవుడికి వండటమే అనుకో" అన్నాడు దీమా. ఫాలాన్ అలాగే అనుకున్నాడు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. పదో ఏట ఎండాకాలం మొదట్లో లాసర్ అనే విధవరాలి ఆవు రాజుగారి పచ్చికలోకి పోయింది.

ఆ పచ్చికకు కంచె ఉండేది. రెండేళ్ళ కిందట గాలివానకు పడిపోయింది. దాన్ని నిలబెట్టాల్సినవాళ్ళు రాజుగారి మనుషులు. వాళ్ళు నిలబెట్టలేదు. ఆవుకు ఈ వివరాలు తెలియవు. ఆకుపచ్చగా కనిపించింది, వెళ్ళింది. ఫింగిన్ మనుషులు దాన్ని పట్టుకుని కోట వెనక పాకలో కట్టేశారు. లాసర్ మొగుడు సముద్రంలో పోయాడు. ఆ నల్లావు తప్ప ఆమెకు వెనకా ముందూ ఏమీ లేదు. మూడు రోజులు కోట చుట్టూ తిరిగింది. "పరిశీలనలో ఉంది" అన్నారు. నాలుగో రోజు పొద్దున వచ్చి కోట గడప ముందు కూర్చుంది.

ఆ దేశంలో అదొక చట్టం. బలహీనుడికి బలవంతుడి వల్ల అన్యాయం జరిగితే, వాడి గడప ముందు తిండి మానేసి కూర్చోవచ్చు. దాన్ని గడప దీక్ష అనేవారు. బయటివాడు పస్తున్నంతసేపూ లోపలివాడు తినకూడదు. ఒకవేళ తిన్నాడా, ఆ క్షణం నుంచి వాడి మాటకు విలువ లేదు. రాజైతే ఆయన ఆజ్ఞ ఎవరూ పాటించనక్కర్లేదు. పైపెచ్చు కవులు తిట్టుపద్యాలు కడతారు. ఆ పద్యాలకు మొహం మీద బొబ్బలు లేస్తాయని అందరి నమ్మకం. ఐలిల్‌కు తన మొహం మీద చాలా మమకారం.

ఆ పూట ఫాలాన్ పంది తొడ కాల్చాడు. పళ్ళెం తీసుకుని వచ్చేసరికి రాజు కిటికీలోంచి గడప వైపు చూస్తున్నాడు.

"ఎవరావిడ?"

"లాసర్ అని, ప్రభూ. ఆవు కోసం వచ్చింది" అన్నాడు ఫాలాన్.

"ఇచ్చేస్తే పోలా?" అన్నాడు రాజు, పళ్ళెం వైపు చూస్తూ.

ఐలిల్ చెడ్డవాడు కాడు. ఆకలి మీద ఉన్నప్పుడు అసలే కాడు. ఆ మాట అక్కడితో అమలైతే కథే లేదు. కానీ ఫింగిన్ గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువులు మన్నించాలి. సదరు ఆవు సదరు పచ్చికలో ప్రవేశించిన మాట వాస్తవం. అడగగానే ఇచ్చేస్తే, పట్టుకోవడం తప్పని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. పట్టుకున్నది నేను. నన్ను నియమించింది తమరు. కావున తప్పు తమరిదవుతుంది. రేపు ఇంకొకతె వస్తుంది, ఎల్లుండి ఇంకొకడు. ఆవు చిన్నది ప్రభూ, ఆనవాయితీ పెద్దది."

"మరి నేనేం తినను?"

"ఆవిడ ఆడమనిషి. సాయంత్రానికి లేచి పోతుంది."

సాయంత్రానికి ఆవిడ లేవలేదు. పంది తొడ చల్లారిపోయింది. ఫాలాన్ దాన్ని చూస్తూ, ఇంత మంచి పని ఎప్పుడూ పాడు కాలేదని బాధపడ్డాడు. గడప ముందు మనిషి గురించి అప్పటికి అతనింకా ఆలోచించలేదు. వంటవాళ్ళకు ముందు వంటే కనబడుతుంది.

మర్నాడు మధ్యాహ్నానికి రాజు నీరసంగా బల్ల మీద తల పెట్టి, "ఫింగిన్, నీ ఆనవాయితీని కాల్చుకు తిను" అన్నాడు. ఫింగిన్ వెంటనే మఠానికి కబురు పెట్టాడు. ఉపవాసం మఠం వారి శాఖ. ఏది తింటే ఉపవాసం చెడుతుందో, ఏది తింటే చెడదో వాళ్ళు మూడు తరాలుగా తేలుస్తున్నారు. చేప తింటే చెడదని ఎప్పుడో తేల్చారు కూడా.

దీమా వచ్చాడు. మెత్తటి పీట వేశారు. కళ్ళు మూసుకుని కాసేపు కూర్చున్నాడు.

"చట్టంలో ఏమని ఉంది? తినకూడదనా, తాగకూడదనా?" అని అడిగాడు.

"తినకూడదనే ఉంది, స్వామీ" అన్నాడు ఫింగిన్.

"అయితే బార్లీ కల్లుకు అభ్యంతరమేముంది? అది తాగేది."

గదిలో గాలి తిరిగినట్టయింది. రాజు తల ఎత్తాడు. ఫింగిన్ దూడచర్మం పరిచి, ఈక ముంచి, 'తిండి కాని వస్తువులు' అని పైన రాసి, కింద బార్లీ కల్లు అని రాశాడు. అదే లెక్కన పాలు వచ్చాయి. పాల వెనకే జున్ను వచ్చింది.

"జున్ను గట్టిగా ఉంటుంది కదా స్వామీ" అని రాజే అనుమానపడ్డాడు. ఎంతైనా పరువుగల మనిషి.

"పాలు నిలబడి ఉంటే పాలు. కూర్చుంటే జున్ను. కూర్చున్నంత మాత్రాన మనిషి వేరే మనిషవుతాడా?" అన్నాడు దీమా.

వెన్నకు ఎక్కువసేపు పట్టలేదు. అది చేతులు పగిలితే రాసుకునే లేపనం. రాజుగారు దాన్ని లోపలి వైపు రాసుకుంటున్నారు, అంతే.

ఫాలాన్ గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని వింటున్నాడు. అతనికేమీ వింతగా తోచలేదు. పెద్దలు చెబుతున్నారు. తను ముప్పై ఏళ్ళుగా జున్నును తిండి అనుకోవడం తన అజ్ఞానం అనుకున్నాడు. ఆ పూట రాజు నాలుగు గిన్నెల కల్లు, అరచేతి మందం జున్ను, దాని మీద వేలెడు వెన్న సేవించి, దీక్ష చెడకుండా నిద్రపోయాడు.

మూడో రోజుకు రాజుకు జున్ను మొహం మొత్తింది. దీమా మళ్ళీ వచ్చాడు. ఆ ఒడ్డుకు చలికాలంలో ఒకరకం సముద్రపు బాతులు వస్తాయి. వాటి గూడు గాని గుడ్డు గాని ఎవరూ చూడలేదు. సముద్రంలో కొట్టుకొచ్చే దుంగలకు అవి కాస్తాయని జనం అనుకునేవారు. ఫాలాన్ వాటిని ఉప్పులో ఊరేసి దాచి ఉంచాడు. దీమా ఆ జనవాక్యాన్ని ఆధారంగా తీసుకున్నాడు.

"దుంగకు కాసింది దుంగ జాతి. కనుక ఈ బాతు కలప."

"కలప" అని రాసుకున్నాడు ఫింగిన్. "కలపను భుజించుట తిండి కింద వచ్చే అవకాశం లేదు. ప్రమాదం కింద వస్తుంది."

బాతు గడిచాక పంది ఎంతసేపు! అడవిలో ఓక్ చెట్ల కింద రాలిన కాయలు తప్ప ఇంకేమీ ఎరగని జంతువు. నడిచే ఓక్ కాయ అని రాశారు. తేనె పూల మీది మంచు. కోడిగుడ్డు ఇంకా ఏదీ కాలేదు కాబట్టి తిండీ కాలేదు. సాయంత్రానికి దూడచర్మం నిండిపోయింది. చివర చూసుకుంటే రాజ్యంలో తిండి అనదగినవి రెండే మిగిలాయి. ఓట్స్ జావ, బార్లీ రొట్టె. అవి బీదవాళ్ళు తినేవి.

"ఈ రెండూ మాత్రం ప్రభువులు ముట్టరాదు" అని దీమా కఠినంగా చెప్పాడు.

"ప్రాణం పోయినా ముట్టను" అన్నాడు రాజు.

ఆ రోజు నుంచి కోట గోడ ఎక్కి ఒకడు దండోరా వేసేవాడు. "వినండహో! ఐలిల్ ప్రభువులు ఈ రోజు కూడా జావ ముట్టలేదహో! రొట్టె వంక చూడనైనా లేదహో!" పొలాల్లో పనిచేసుకునేవాళ్ళు ఆగి, విని, అయ్యో పాపం అనుకునేవారు. కొందరు ముసలమ్మలు ఏడ్చారు కూడా.

నాలుగో రోజు ఫాలాన్ బావికి నీళ్ళకు వెళుతూ గడప దాటాడు. లాసర్ గోడకు ఆనుకుని ఉంది. మొదటి రోజు నిటారుగా కూర్చున్న మనిషి ఇప్పుడు పక్కకు ఒరిగిపోయింది. పెదవులు తెల్లగా పగిలాయి. ఫాలాన్ ఒక దొన్నె నీళ్ళిచ్చాడు. నీళ్ళు తాగవచ్చని పాత చట్టంలోనే ఉంది. రెండు గుక్కలు తాగి అడిగింది.

"లోపల్నించి ఆ వాసనేంటి సామీ?"

ఫాలాన్ కోట వైపు తిరిగి చూశాడు. "కలప" అన్నాడు.

"కలపా? ఉల్లికాడలు వేసి వండుతున్నారా కలపని?"

"వేస్తే రుచి వస్తుందమ్మా."

ఆమె నవ్వబోయింది. నవ్వడానికి ఓపిక చాలలేదు. "నా మొగుడు పోయిన ఏడాది ఇలాగే ఖాళీగా ఉండేది నా పొట్ట. అప్పుడు నల్లది ఈనింది. అది ఈని నన్ను బతికించింది సామీ. దాన్నొదిలి నేనెక్కడికి పోను? లోపల రాజుగారు కూడా పస్తేనంట కదా. పాపం ఆయనా నాలాగే ఎండిపోయుంటాడు. మా ఇద్దరిలో ఎవరు ముందు పోతారో చూడాలి."

ఫాలాన్ కుండ నింపుకుని లోపలికి వెళ్ళాడు. రాజు బాతు కాలు చీకుతున్నాడు. చూస్తే బుగ్గలు కాస్త నిండినట్టే ఉన్నాయి. వంటింట్లోకి వెళ్ళి ఫాలాన్ పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నాడు. పెద్దల మాట తప్పని ఎప్పుడూ అనుకోలేదు, అప్పుడూ అనుకోలేదు. కానీ ఆమె పగిలిన పెదవులు కళ్ళ ముందు నుంచి పోలేదు.

అయిదో రోజు పొద్దున ఫింగిన్ వంటింటికి స్వయంగా వచ్చాడు.

"ఫాలాన్, పాక దగ్గరికి వెళ్ళు. ఆ నల్లావును కోయించి ఈ పూటకు వండు."

ఫాలాన్ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏ నల్లావు స్వామీ?"

"సదరు ఆవే. ఆవు ఉంటేనే కదా వివాదం? వస్తువే లేనప్పుడు దావా ఎక్కడిది? ఆవిడ మర్యాదగా ఇంటికి పోవచ్చు. అందరికీ సుఖం."

"కానీ స్వామీ, ఆవు... జాబితాలో లేదు కదా?"

"నిన్న సాయంత్రం చేర్చాం. ఆవు పుట్టి బుద్ధెరిగి గడ్డి తప్ప ఏమీ తినలేదు. కావున ఆవు గడ్డి. మఠాధిపతి వారు ఆమోదించారు." ఫింగిన్ దూడచర్మం విప్పి చూపించాడు. నిజమే. చివరి పంక్తిలో సిరా ఇంకా మెరుస్తోంది.

ఫాలాన్ దాన్ని మెల్లగా, పెదవులు కదుపుతూ, మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"స్వామీ, ఒక్క సందేహం."

"అడుగు."

"ఈ జాబితా రాజుగారి ఒక్కరికేనా? అందరికీనా?"

ఫింగిన్‌కు కోపం వచ్చింది. చట్టం మీద మచ్చ వేస్తే అతను సహించడు. "రాజుగారికి ఒక తిండి, జనానికి ఒక తిండి అని రాస్తామా? అట్లా రాస్తే అది చట్టమా, చలవా? చట్టానికి మొహాలు తెలియవు, ఫాలాన్. కలప అంటే రాజుకూ కలపే, గొర్రెల కాపరికీ కలపే. ఆ మాట కవులు అడిగినా ఇదే చెబుతాను. గోడ మీద నుంచి దండోరా కూడా వేయిస్తాను."

"వేయిస్తారా స్వామీ?"

"ఇప్పుడే వేయిస్తాను" అని ఫింగిన్ వెళ్ళి నిజంగానే వేయించాడు. జాబితా రాజ్యంలో అందరికీ సమానంగా వర్తిస్తుందని గోడ మీది మనిషి మూడుసార్లు అరిచాడు.

ఈ పూట ఇంకా మిగిలే ఉందని, ఫాలాన్ పాక వైపు వెళ్ళలేదు. పాలు వెచ్చబెట్టాడు. ఒక పెద్ద పళ్ళెంలో జున్ను ముక్క, వెన్న, తేనె, ఒక బాతు పెట్టుకుని, పాల గిన్నె పైన ఆనించుకుని, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా కోట గడప దగ్గరికి నడిచాడు.

లాసర్ కళ్ళు తెరిచి చూసి, మొహం తిప్పుకుంది. "తీసుకుపో సామీ. నా దీక్ష చెరపడానికి పంపించారా నిన్ను? నువ్వు మంచోడివనుకున్నాను."

"దండోరా వినలేదా అమ్మా? ఇందులో తిండి ఏదీ లేదు. ఇది పాలు. ఇది కూర్చున్న పాలు. ఇది లేపనం, ఇది పూల మీది మంచు, ఇది కలప. పెద్దలు రాసి పెట్టారు. ఇవి పుచ్చుకుంటే రాజుగారి దీక్షే చెడటం లేదు, నీ దీక్ష ఎందుకు చెడుతుంది?"

అతను వేళాకోళం ఆడటం లేదు. ఆమె అతని మొహంలోకి పరీక్షగా చూసింది. ఆ మొహంలో వేళాకోళానికి చోటు లేదు.

"రాజుగారు ఇవన్నీ పుచ్చుకుంటున్నారా?"

"రోజుకు మూడు పూటలు."

లాసర్ పళ్ళెం వైపు తిరిగింది. తర్వాత చెయ్యి చాచింది.

"ముందు పాలు. గుక్క తర్వాత గుక్క, మెల్లగా. ఖాళీ కడుపు మీద కలప పడదు" అన్నాడు ఫాలాన్. పక్కనే చతికిలబడి గిన్నె పట్టుకున్నాడు. ఆమె గొంతు దిగే ప్రతి గుక్కనూ చూశాడు. వంట చేసి ముప్పై ఏళ్ళయినా, తిన్నవాళ్ళను అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

ఆమె బాతు రెక్క అందుకునేసరికి ఫింగిన్ పరిగెత్తుకొచ్చాడు.

"తింటోంది! అందరూ చూడండి, తింటోంది! దీక్ష భగ్నమైంది!"

ఫాలాన్ లేచి వినయంగా నిలబడ్డాడు. "ఏం తింటోంది స్వామీ?"

"ఏం తింటోందేమిటి? బా—"

అక్కడ ఫింగిన్ నోరు ఆగింది. బావి దగ్గర ఆడవాళ్ళు, కమ్మరి, ఇద్దరు గొర్రెల కాపరులు, పని లేక వచ్చిన ఒక కవి, అందరూ అతని పెదవుల వంకే చూస్తున్నారు. అది బాతైతే రాజు మూడు రోజులుగా తింటున్నాడు. అది కలపైతే ఆవిడ తినడం లేదు.

"ఆవిడ... కలప పరిశీలిస్తోంది" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

"బాగా ఉడికిందయ్యా" అంది లాసర్, కవి వైపు తిరిగి.

ఆ మాట సాయంత్రానికి అయిదు పల్లెలూ తిరిగింది. మర్నాడు పొద్దున కమ్మరి వచ్చి లాసర్ పక్కన కూర్చున్నాడు. రాజుగారి గుర్రానికి నాడా వేసినప్పుడు అది తన్నిందట, పదకొండేళ్ళ కిందట. అతని వెనక గొర్రెల కాపరులు వచ్చారు. వాళ్ళ ఫిర్యాదు ఏమిటో వాళ్ళకే సరిగ్గా గుర్తులేదు, కూర్చున్నాక ఆలోచించుకుంటాం అన్నారు. మధ్యాహ్నానికి ఇరవైమంది, ఆ మర్నాటికి వందకు పైన. పిల్లా మేకా సహా వచ్చి, చాపలు పరుచుకుని, "సామీ, మాకూ కాస్త లేపనం!" అని కేకలు. దీక్షాపరుల ఆరోగ్యం మూడు రోజుల్లోనే కళకళలాడింది. పుట్టి ఎన్నడూ బాతు రుచి చూడని ఒక ముసలాయన ముక్క నోట్లో పెట్టుకుని, "ఇన్నాళ్ళూ చెట్లన్నీ ఊరికే వదిలేశాను గదరా" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఫాలాన్ వండుతూనే ఉన్నాడు. అతనికి వంటింటి నుంచి గడపకు, గడప నుంచి వంటింటికి తిరగడమే సరిపోయింది. నల్లావును కోయమన్న మాట అంతమంది ముందు ఫింగిన్ మళ్ళీ ఎత్తలేదు. వడ్డన ఆపమనీ ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఆజ్ఞాపించాలంటే ఆ పళ్ళెంలో ఉన్నదేమిటో ముందు పేరు పెట్టి చెప్పాలి.

ఎనిమిదో రోజు రాజు భోజనానికి, అంటే భోజనం కానిదానికి, కూర్చున్నాడు. బల్ల ఖాళీగా ఉంది.

"ఫాలాన్! కలప ఏది?"

"అయిపోయింది ప్రభూ."

"నడిచే ఓక్ కాయ?"

"ఆఖరి చెవి కూడా నిన్న వడ్డించేశాను. జున్ను లేదు, వెన్న లేదు, కల్లు పీపాలు బోర్లించేశాను. వల వేసేవాళ్ళంతా గడప దగ్గరే ఉన్నారు, చేపలు పట్టే దిక్కు లేదు."

"ఇంట్లో అసలేం ఉంది?"

"ఓట్స్ పిండి ఉంది. కావాలంటే క్షణంలో జావ కాస్తాను." ఫాలాన్ ఆగి, ఉన్నమాట చెప్పాడు. "కానీ అది తిండి ప్రభూ."

రాజు దీమా వైపు చూశాడు. దీమా పైకప్పు వైపు చూశాడు. జావను కూడా జాబితాలోకి ఎక్కించవచ్చునేమో అని ఫింగిన్ మెల్లగా అన్నాడు. కానీ అయిదు రోజులుగా గోడ మీద నుంచి రాజుగారు జావ ముట్టలేదని అరిపించిందీ అతనే. బయట నూటముప్పైమంది సాక్షులు, వాళ్ళలో అప్పటికి ముగ్గురు కవులు.

ఐలిల్ ఆ రోజంతా పస్తున్నాడు. నిజంగా పస్తున్నాడు. సాయంత్రానికి ఫింగిన్ మాట్లాడుతుంటే వినపడటం మానేసింది. బయట నుంచి నవ్వులు వినిపించాయి. మర్నాడు పొద్దున గడపదాకా వచ్చి, తలుపుకు ఆనుకుని, లాసర్ వంక చూశాడు. ఆమె కూడా చూసింది.

"నాలుగు రోజులు ఇట్లాగే ఉన్నావా?" అని అడిగాడు రాజు.

"ఇట్లాగే, ప్రభూ. నాలుగో రోజుకు చెవుల్లో హోరు వస్తుంది. తమరికి ఇంకా వచ్చుండదు."

"వచ్చింది" అన్నాడు రాజు.

ఫింగిన్ వెనక నుంచి, "ప్రభూ, ఆనవాయితీ..." అన్నాడు. రాజు వినలేదు. బురదలో తనే నడుచుకుంటూ పాకకు వెళ్ళి, పలుపు విప్పి, ఆవును తనే నడిపించుకొచ్చాడు. దారిలో అది ఆయన పాదం తొక్కింది. "ఇంద, తీసుకుపో" అని పలుపు లాసర్ చేతిలో పెట్టి, సరాసరి వంటింట్లోకి నడిచి, కుండ ముందు కూర్చుని, మూడు గిన్నెల జావ ఊపిరి తీసుకోకుండా తాగాడు. ఆ తర్వాత ఆయన పడిపోయిన కంచె నిలబెట్టించాడని చెబుతారు.

ఆవు వెళ్ళిన మరుక్షణం ఫింగిన్ ఒక ఉత్తర్వు చదివించాడు. 'నేటి నుండి సమస్త వస్తువులు తమ తమ పూర్వస్థితిని పొందవలెను. బాతు బాతుగాను, పంది పందిగాను, ఆవు ఆవుగాను కొనసాగవలెను.' అవి కొనసాగాయి. గడప దగ్గరున్నవాళ్ళు ఎముకలు కుక్కలకు పారేసి, చాపలు చుట్టుకుని, రాజుకు దండం పెట్టి ఇళ్ళకు పోయారు. కమ్మరి ఒక్కడే గుర్రం సంగతి తేలలేదని కాసేపు గొణిగాడు.

మిగిలింది ఫాలాన్. ఇంత జరిగాక ఎవరో ఒకరికి శిక్ష పడాలి. రాజుకు పడదు. చట్టం చెప్పినవాడికి, పుణ్యం చెప్పినవాడికి పడదు. దీమా అతన్ని మఠానికి పిలిపించి, పెద్ద సన్యాసులను కూర్చోబెట్టి మూడు రోజులు విచారించాడు. చిక్కేమిటంటే ఫాలాన్ చేసిన తప్పు దొరకలేదు. ఆవును కోయమన్న ఆజ్ఞను అందరి ముందూ ఒప్పుకోవడానికి ఫింగిన్ సిద్ధంగా లేడు.

"నా ఆజ్ఞ మీరావా?"

"లేదు స్వామీ."

"జాబితాను అపహాస్యం చేశావా?"

"లేదు స్వామీ. నమ్మాను."

దీమా చాలాసేపు అతని మొహం చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆదర్శంగా చూపించిన మొహం. చివరికి తీర్పు రాయించాడు. 'ఫాలాన్ అను సన్యాసి విధేయత విషయమున మితిమీరి ప్రవర్తించినాడు. ఇంతటి విధేయత పెద్దలకు హానికరం.' శిక్షగా సముద్రం ఒడ్డున కొండకొమ్ము మీద రాతి గుడిసెలో నలభై రోజులు ఒంటరిగా ఉండాలి. రోజుకు అరచేయంత బార్లీ రొట్టె, బుగ్గ నీళ్ళు. మరే పదార్థమూ, ఏ పేరు పెట్టినా సరే, పుచ్చుకోరాదు. ఆ 'ఏ పేరు పెట్టినా సరే' అన్నది దీమా ప్రత్యేకంగా చేర్పించాడు.

ఫాలాన్ వెళ్ళాడు. మొదటి వారం తేలికగానే గడిచింది. రెండో వారానికి రొట్టె నమలడానికి దవడలు మొరాయించాయి. రాతి గోడల సందుల్లోంచి గాలి వీస్తే ఎముకల్లో తగిలేది. తను ఇన్నేళ్ళు వండి పంపిన పళ్ళేలన్నీ గుర్తొచ్చేవి. ఒక్కటీ ఆకలి తెలిసి వండినది కాదు. పద్దెనిమిదో రోజు లేచి నిలబడబోతే కళ్ళు తిరిగి గుమ్మంలోనే కూలబడ్డాడు.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే కొండ ఎక్కి లాసర్ వచ్చింది. చేతిలో మూత పెట్టిన చెక్క గిన్నె. అతన్ని చూసి ఆగింది. గోడకు చేరబడి ఉన్న మనిషిని, పగిలిన పెదవులను చూసింది. పక్కన కూర్చుని మూత తీసింది. గోరువెచ్చని పాలు. పైన సన్నటి మీగడ.

"నల్లదానివి. తాగు సామీ. పాలేగా, తిండి కాదు."

ఫాలాన్ గిన్నెలోకి చూశాడు. ఆవిరి మొహానికి తగిలింది.

"తిండే అమ్మా ఇది" అన్నాడు. "మొదటి నుంచీ తిండే."

"అయితే తాగితే తప్పవుతుందా?"

కింద మఠంలో సాయంత్రం ప్రార్థన గంట కొట్టారు. అతను ఆ వైపు తల తిప్పి, చివరి దెబ్బ దాకా విన్నాడు.

"అవుతుంది" అన్నాడు. గిన్నె రెండు చేతులా పట్టుకుని, తడబడకుండా, అడుగు కనిపించేదాకా తాగాడు.